కొమ్మ మీద రెండు ఉంగరాలు

చెట్టెక్కే తాడు కొమ్మ మీద ఒరుసుకునే జానెడు చోటు గురించే ఈ రాత. హెల్మెట్లు, నడుము పట్టీలు, ఎక్కే పద్ధతులు, వీటి గురించి చాలామంది చాలా బాగా రాశారు. ఆ జానెడు చోటు మాత్రం నేల మీద నిలబడినవాళ్లకు కనిపించదు. ఎక్కేవాళ్లు కూడా పైకి చేరాక గానీ దాన్ని చూడరు. చెట్టుకు మన వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతుంది. అందుకే ఫ్రిక్షన్ సేవర్, అంటే తాడు కొమ్మకు ఒరుసుకోకుండా మధ్యలో వేసే ఉంగరాల తాడు ముక్క, లేకుండా నేను ఏ కొమ్మ మీదా తాడు వేయను. ఆ సేవర్లను ఇంట్లో, భోజనాల బల్ల మీద, స్ప్లైస్ వేసి, అంటే ముడి లేకుండా తాడు కొసను ఆ తాడులోకే దోపి, నేనే చేసుకుంటాను.

నేను ఉండేది అమెరికాలో, అట్లాంటాను ఆనుకుని ఉన్న డికేటర్‌లో. చెట్లెక్కే అలవాటున్నవాళ్లకు ఇది మంచి చోటు. చుట్టూ తెల్ల ఓక్‌లు, తులిప్ పాప్లర్లు, బీచ్ చెట్లు. నరకడానికో కొమ్మలు కొట్టడానికో కాకుండా, కేవలం ఎక్కి పైన కాసేపు ఉండి రావడానికి తాళ్లతో చెట్టెక్కే విద్యను జనంలోకి తెచ్చిన ట్రీ క్లైంబర్స్ ఇంటర్నేషనల్‌ను పీటర్ జెన్కిన్స్ 1983లో స్థాపించింది అట్లాంటాలోనే. కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని మాను పొడుచుకుంటూ ఎక్కడం ఈ విద్యలో నిషిద్ధం. బతికున్న చెట్టుకు గాయం చేయకూడదన్నది మొదటి నియమం. తాడు చేసే గాయం కూడా గాయమే కదా.

మేం ఎక్కువగా ఎక్కే పద్ధతిలో తాడు కదులుతూ ఉంటుంది. కొమ్మ మీదుగా వేసిన తాడు ఒక కొస నా నడుము పట్టీకి కట్టి ఉంటుంది. అటువైపు దిగిన తాడును లాగితే బిగిసి, చేత్తో నొక్కితే జారే ఒక ముడి పట్టుకుని ఉంటుంది. దాన్ని హిచ్ అంటాం. నేను ఒక మీటరు పైకి వెళ్లాలంటే రెండు మీటర్ల తాడు లాగాలి, అందులో ఒక మీటరు కొమ్మ మీదుగా జరగాలి. పదిహేను మీటర్లు ఎక్కి, పైన అటూ ఇటూ తిరిగి, దిగి వచ్చేసరికి ఆ ఒక్క చోట నా బరువుతో సహా ఎంత తాడు ఒరుసుకుంటుందో ఆలోచించండి.

రాపిడి లెక్క కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఉంగరాలు ఎందుకో దానితోనే తెలుస్తుంది. గుండ్రటి దాని మీదుగా తాడు తిరిగినప్పుడు రెండు వైపులా ఉండే లాగుడులో తేడా, తిరిగిన కోణంతో పాటు గుణకారంలా పెరుగుతుందని ఆయిలర్ పేరు మీద ఒక సూత్రం ఉంది. గరుకు బెరడు మీద రాపిడి గుణకం 0.5 అనుకుందాం. తాడు అరచుట్టు తిరిగితే ఒక వైపు లాగుడు రెండో వైపుకన్నా దాదాపు అయిదు రెట్లు అవుతుంది. నున్నటి లోహం మీద గుణకం 0.2 అనుకుంటే రెండు రెట్లు కూడా కాదు. పైకి లాగేటప్పుడు ఈ తేడాకు మూల్యం చెల్లించేవి భుజాలు. గరుకు కొమ్మ మీద ఒక గంటలో అలసిపోయే మనిషి, ఉంగరాల మీద అదే చెట్టును సాయంత్రం దాకా ఎక్కగలదు.

అయితే నాకు భుజాలకన్నా బెరడు ముఖ్యం. బెరడు కింద కేంబియం అనే సన్నటి సజీవ పొర ఉంటుంది. చెట్టు లావెక్కేది దానివల్లే. దానికి బయటివైపు ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగే దారి, లోపలివైపు నీళ్లు పైకెక్కే కలప. తాడు పైబెరడును అరగదీసి ఆ పొరదాకా చేరితే ఆ మేరకు కొమ్మ ఎదుగుదల ఆగిపోతుంది, కుళ్లు తెచ్చే శిలీంధ్రాలకు తలుపు తెరుచుకుంటుంది. తెల్ల ఓక్ బెరడు మందం, కొంత ఓర్చుకుంటుంది. బీచ్ బెరడు పలచన, బూడిద రంగులో నున్నగా ఉంటుంది. దాని మీద పడిన మచ్చ ఏళ్ల తరబడి కనిపిస్తుంది. ఇక వసంతంలో, కేంబియం చురుగ్గా పనిచేసే రోజుల్లో, బెరడు కలపను వదిలి తేలిగ్గా ఊడివస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే అందరికీ చెట్టెక్కాలనిపిస్తుంది!

మా తాత, అమ్మ వాళ్ల నాన్న, నల్గొండ జిల్లాలో తాటిచెట్లు ఎక్కినవాడు. మనిషినీ మానునూ కలిపి చుట్టే మోకు, ముత్తాదు, గుజి, ఈ చెట్టెక్కే సామాను మా ఇంట్లో చూరుకు వేలాడుతుండేది, పిల్లలం తాకితే కేకలేసేవాడు. ఒకరోజు వీడియో కాల్‌లో నా సేవర్ చూపించాను. దగ్గరగా పెట్టమని చూసి, "ఈ ఉంగరాలు ఎందుకమ్మా? తాడు చెట్టును పట్టుకోకపోతే నిన్నెవరు పట్టుకుంటారు?" అన్నాడు.

"నా తాడు జారాలి తాతా. జారితేనే నేను పైకి వెళ్తాను."

కాసేపు ఆలోచించాడు. "అయితే నీది మోకు కాదు, బావి గిలక."

ఇంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు. మోకుకు రాపిడే ప్రాణం. మనిషి వెనక్కి వాలితే మోకు మానును కరిచి పట్టుకోవాలి, బరువు తీస్తే వదలాలి. తాటిచెట్టుకు కొమ్మలు లేవు కాబట్టి పైన తాడు వేసుకునే వీలే లేదు, మోకు తప్ప మరో దారి లేదు. తాటిచెట్టు ఆ రాపిడిని ఏళ్ల తరబడి ఓర్చుకోవడానికి కూడా కారణం ఉంది. తాడి, ఈత, కొబ్బరి ఏకదళబీజాలు. వాటిలో ఓక్‌కు ఉన్నట్టు బెరడు కింద కేంబియం వలయం ఉండదు. నీరు, ఆహారం మోసే నాళాలు కాండమంతటా చెదిరి ఉంటాయి. అందుకే పైన కొంచెం అరిగినా చెట్టు ప్రాణానికి వెంటనే ముప్పు రాదు. కాకపోతే తాటిమానుకు పడ్డ గాటు ఎప్పటికీ పూడదు, అలాగే ఉండిపోతుంది. తాత మోకు చేసే పని ఓక్ కొమ్మ మీద నా తాడు చేస్తే ఆ కొమ్మ తట్టుకోలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తాతకంటే నేనే ఎక్కువ సంతోషించాను. మోకు జారి పడి నడుము విరిగినవాళ్లను చూస్తూ పెరిగిన ఊరు మాది.

సరే, వస్తువు దగ్గరికి వద్దాం. ఫ్రిక్షన్ సేవర్ అంటే మీటరుకు కాస్త అటూ ఇటూ పొడవున్న తాడు ముక్క, దాని రెండు కొసలకూ రెండు లోహపు ఉంగరాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ముక్క కొమ్మ మీద ఇటూ అటూ వాలి కదలకుండా ఉంటుంది. ఎక్కే తాడు ఉంగరాల గుండా కదులుతుంది. కొమ్మ మీద ఇప్పుడు జారేది ఏదీ లేదు. ఉంగరాల సైజుల్లో తేడా ఎందుకంటే, దిగిపోయాక నేల మీద నుంచే సేవర్‌ను కిందికి తెచ్చుకోవడానికి. పెద్ద ఉంగరం వైపు దిగిన తాడు కొసకు ఒక గోళీ కట్టి, రెండో వైపు నుంచి తాడు లాగుతాం. గోళీ పెద్ద ఉంగరంలోంచి దూరిపోయి చిన్నదాని దగ్గర ఇరుక్కుంటుంది. ఇంకాస్త లాగితే మొత్తం కొమ్మ మీంచి జారి కింద పడుతుంది. పడేటప్పుడు అవి లోహపు ఉంగరాలన్న సంగతి మరిచిపోకూడదు. హెల్మెట్ తీయకుండా, మాను నుంచి దూరంగా నిలబడి, చుట్టుపక్కలవాళ్లను కేకేసి హెచ్చరించాకే లాగాలి.

కొసలకు ముడి వేసి ఉంగరం కట్టేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. రెండు కారణాల వల్ల సరిపోదు. ముడి దగ్గర తాడు పదునుగా వంగుతుంది, ఆ వంపులో దాని బలంలో పెద్ద భాగం పోతుంది. రెండోది, ముడి ఒక గడ్డ. సేవర్‌ను కిందికి లాగేటప్పుడు ఆ గడ్డ కొమ్మల పంగలో ఇరుక్కుంటే మళ్లీ ఎక్కడం తప్ప మార్గం లేదు. స్ప్లైస్‌లో గడ్డ ఉండదు. కొస సన్నగా మొదలై నిదానంగా లావెక్కి ఉంగరాన్ని చేరుతుంది, పంగలోంచి పాములా జారి వచ్చేస్తుంది. బలం కూడా దాదాపు తాడంత ఉంటుంది.

నేను వాడేది 12 పాయల పాలిస్టర్ తాడు, లోపల గుజ్జు లేకుండా డొల్లగా అల్లినది. డైనీమా లాంటి పోగులతో అల్లిన తాళ్లు ఇంకా బలమైనవే, కానీ నున్నగా ఉంటాయి కాబట్టి కొసను చాలా లోతుకు దోపాలి, తాడు మందానికి 72 రెట్లు దోపమనే లెక్క వాటికి వాడుకలో ఉంది. పైగా అవి 150 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటేదాకా ఆగుతుంది, ఎండకూ బాగా నిలుస్తుంది. చెట్టు మీద పనికి నాకు అదే నమ్మకం.

డొల్ల తాడు స్ప్లైస్ వెనక ఉన్న సూత్రం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది. కొసను మడిచి, ఉంగరం పట్టే కన్ను చేసి, మిగిలిన తోకను అదే తాడు కడుపులోకి దోపుతాం. అంతే, ముడి లేదు, జిగురు లేదు. బరువు పడగానే బయటి అల్లిక సాగి సన్నబడుతుంది, సన్నబడుతూ లోపలి తోకను బిగిస్తుంది. ఎంత లాగితే అంత బిగింపు. కొమ్మ మీద మనం తప్పించుకోవాలని చూసిన రాపిడే ఇక్కడ మన ప్రాణం కాపాడుతుంది.

ఇక్కడే సేవర్‌కు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. తోక ఎంత లోతుకు వెళ్లాలో తాడు తయారీదారు పత్రంలో ఉంటుంది. కొలత ఫిడ్లలో చెబుతారు. ఫిడ్ అంటే దోపడానికి వాడే గొట్టపు సూది, దాని పొడవు తాడు మందానికి 21 రెట్లు. నా తాడుకు రెండు ఫిడ్ల లోతు దోపాలి. 12 మిల్లీమీటర్ల తాడుకు ఒక ఫిడ్ 252 మిల్లీమీటర్లు, రెండు ఫిడ్లంటే అర మీటరు. పొడవాటి తాడుకు ఇది లెక్కలోకి రాదు. కానీ సేవర్‌కు రెండు కొసలూ దగ్గరదగ్గరే. అటు అర మీటరు తోక, ఇటు అర మీటరు తోక, రెండూ ఎదురెదురుగా వస్తాయి. అవి లోపల ఒకదానితో ఒకటి తగలకూడదు, పక్కపక్కన అసలే పడుకోకూడదు. నేను మధ్యలో ఒక జానెడు ఖాళీ తాడు వదులుతాను, కొమ్మ మీద వంగేది ఆ భాగమే కాబట్టి అది మెత్తగా ఉండటం కూడా మంచిదే. ఇవన్నీ కూడితే ఉంగరం నుంచి ఉంగరానికి దాదాపు 125 సెంటీమీటర్లు వస్తుంది. అంతకన్నా పొట్టి సేవర్ ఈ తాడుతో నిజాయితీగా చేయడం కుదరదు. దుకాణాల్లో దొరికే 70 సెంటీమీటర్ల సేవర్లు పట్టీని మడిచి మరమీద కుట్టినవి, కుట్టుకు అంత లోతు అక్కర్లేదు. పొట్టిది కావాలని తోక లోతు తగ్గించేవాళ్లను చూశాను, గట్టిగా వారించాను. పొట్టిది కావాలంటే సన్నటి తాడు తీసుకోవాలి, 10 మిల్లీమీటర్లదైతే ఒక మీటరు, ఆ పైన కాస్తకు వస్తుంది. అదీ చాలకపోతే కుట్టినది కొనుక్కోవడమే సరైన పని.

పని మొదలుపెట్టే ముందు 125 సెంటీమీటర్ల సేవర్‌కు రెండున్నర మీటర్ల తాడు కోస్తాను. తోక దూరిన చోట తాడు లావెక్కుతుంది, లావెక్కినంత మేర పొడవు కుదించుకుపోతుంది, అందుకని మిగులు ఉండాలి. కొసకు టేపు చుట్టి, పెన్నుతో గుర్తులు పెట్టుకుంటాను: తోక ఎక్కడ లోపలికి పోవాలి, ఎక్కడ ఆగాలి. తోక చివరి మూడో వంతులో పాయలను సన్నగా దింపుతాను. 12 పాయల్లో ఆరు కుడివైపు తిరుగుతాయి, ఆరు ఎడమవైపు. ఒక్కో గుర్తు దగ్గర అటొకటి, ఇటొకటి జంటగా తీసి కత్తిరిస్తూ పోవాలి. ఒకే వైపువి కోస్తే అల్లిక మెలితిరుగుతుంది. చివరికి ఒకటి రెండు పాయలే మిగిలిన కొస, ఎలుక తోకంత. ఈ దింపడం తీరిగ్గా చేయాలి. బాగా వేసిన స్ప్లైస్ ఎప్పుడైనా తెగితే సాధారణంగా తోక ముగిసే చోటే తెగుతుంది. తోక ఒక్కసారిగా ముగిస్తే బయటి పాయలు అక్కడ ఒక్కసారిగా మలుపు తిరుగుతాయి. నిదానంగా ముగిస్తే ఆ మలుపు ఉండదు.

ఉంగరం తాడుకు వేశాకే దోపడం. తాడును రెండు చేతులతో ఎదురుగా నెట్టి గుత్తిలా ఉబ్బించి, ఆ డొల్లలోకి ఫిడ్ దూర్చి, తోకను లాక్కుని, రెండో గుర్తు దగ్గర బయటికి తీయాలి. తర్వాత కన్ను వైపు నుంచి ఆ ఉబ్బును పిడికిలితో దువ్వుతూ కిందికి దించాలి. ఒక్కో దువ్వుకూ తోక లోపలికి జారి మాయమైపోతుంది. ఈ దువ్వడంలో తొందర పనికిరాదు, పాయలు సమంగా సర్దుకున్నాయా అని వేళ్లే చెప్పాలి. చివరగా మైనం పట్టిన పాలిస్టర్ దారంతో మెడ దగ్గర నిలువునా కుట్టి, తాడును పావుచుట్టు తిప్పి మళ్లీ కుడతాను. ఆ కుట్టు బరువు మోయదు. సంచిలో ఊరికే పడి ఉన్నప్పుడు, బిగింపు లేని సమయంలో, తోక బయటికి పాక్కుంటూ రాకుండా చూస్తుంది. అయినా అది లేని సేవర్ నా దృష్టిలో పూర్తికాని సేవర్.

ఉంగరాల విషయంలో బేరం లేదు. మనిషి బరువు మోయడానికని బలం అచ్చువేసి అమ్మే అల్యూమినియం ఉంగరాలే కొంటాను. ఇనుప సామాను కొట్లో దొరికే అతుకు వేసిన ఉంగరాలు ఎంత లావుగా కనిపించినా వద్దు. ఎక్కే తాడు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 5,400 పౌండ్లు తట్టుకోవాలని ఇక్కడి చెట్ల పనివాళ్ల భద్రతా ప్రమాణం ఆన్సీ జెడ్133 చెబుతుంది. సేవర్‌లో ఏ భాగమూ ఆ మాటకు తక్కువ కాకూడదన్నది నా పట్టుదల. అదే ప్రమాణం స్ప్లైస్‌ను తాడు తయారీదారు చెప్పిన పద్ధతిలోనే వేయమంటుంది. ఇంట్లో చేసినంత మాత్రాన సొంత పద్ధతి కనిపెట్టమని కాదు. పత్రం బల్ల మీద పెట్టుకుని, గీత గీతా చూసుకుంటూ చేయమని.

కొత్తది తయారయ్యాక చేతి వించ్‌తో రెండు చెట్ల మధ్య బిగించి ఒక రాత్రి వదిలేస్తాను. తెల్లారి గుర్తులు కదిలాయా అని చూసి, తర్వాత మోకాలెత్తు కొమ్మ మీద వేసి నా బరువుతో ఎగిరెగిరి కూర్చుంటాను. అప్పటికి గానీ అది పైకి వెళ్లదు.

సేవర్ మీద మొదటిసారి ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక. దిగేటప్పుడు బరువును కొమ్మ రాపిడి, హిచ్ పంచుకుంటాయి. పైన చెప్పిన లెక్కనే తీసుకుంటే, సామానుతో కలిపి 70 కిలోల మనిషికి గరుకు బెరడు మీద హిచ్ వైపు తాడులో పడేది 12 కిలోలు, ఉంగరాల మీద 24 కిలోలు. హిచ్‌కు పని రెట్టింపు. నిన్నటిదాకా చక్కగా పట్టిన ముడి ఈరోజు వేగంగా జారవచ్చు. అందుకే హిచ్‌కు ఇంకో చుట్టు వేసి, నేలకు దగ్గరగా ఉన్నప్పుడే దాని పట్టు పరీక్షించుకోవాలి.

ప్రతిసారీ సంచిలో పెట్టే ముందు తాడంతా వేళ్ల మధ్య నడిపిస్తాను. గట్టిపడిన చోటు, మెరుపు తేలిన చోటు, తెగిన పాయ, ఉంగరం మీద గాడి, వీటిలో ఏది కనిపించినా ఆ సేవర్‌ను కోసి పారేస్తాను, ఎవరూ పొరపాటున వాడకుండా. కొందరు తాడుకు తోలు తొడుగు వేస్తారు. నేను వేయను, లోపల ఏముందో కనిపించాలి. పైన్ జిగురు అంటితే గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి సబ్బు. ఒక్కోదానికీ చిన్న గుడ్డ పట్టీ కుట్టి దాని మీద చేసిన తేదీ, తాడు కొన్న తేదీ, పొడవు రాస్తాను.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది 10 మిల్లీమీటర్ల తాడుతో మొదలుపెట్టిన కొత్తది. మా వీధి చివర ఉన్న బీచ్ కోసం. దాని కొమ్మలు సన్నవి, పెద్ద సేవర్ వాటి మీద మరీ కిందికి వేలాడుతుంది. ఒక కన్ను పూర్తయింది, రెండో కొసకు పాయలు దింపుతున్నాను.